ఇంట్లో తెలిసిన సైన్స్‌ని తరగతిలోకి తేవడం ఎలా? బెజవాడ, గుంటూరు సైన్స్ టీచర్లకు

"పాఠాన్ని పిల్లల జీవితంతో, సంస్కృతితో ముడిపెట్టండి" అని ప్రతి ట్రైనింగులోనూ చెబుతారు. 2005 నాటి జాతీయ విద్యా ప్రణాళికా చట్రంలో కూడా బడి బయటి జీవితంతో చదువును కలపాలన్నదే మొదటి సూత్రం. ఎలా కలపాలో మాత్రం చెప్పేవాళ్ళు తక్కువ. అందుకే టీచర్లు అవే ప్రశ్నలు తిప్పి తిప్పి అడుగుతుంటారు. సిలబస్ ఎప్పుడవుతుంది? పిల్లల ఇంటి సంగతులు అడిగితే కులం బయటపడదా? మూఢనమ్మకం ఎదురైతే ఏం చేయాలి? సంక్రాంతి రోజు ముగ్గులేయిస్తే సరిపోదా?

చివరి ప్రశ్నకు జవాబు ముందే చెప్పేద్దాం: సరిపోదు. పండగ రోజు ముగ్గు, పంచె, ఫొటో అలంకారం మాత్రమే. పిల్లవాడికి ఇంట్లో తెలిసిన విషయం తరగతిలో కొలతగా, పరీక్షగా, వాదనకు సాక్ష్యంగా మారినప్పుడే అది సైన్స్ పాఠంలోకి వచ్చినట్టు. కింద ఉన్నవన్నీ ఆ పని కోసమే. 6 నుంచి 10 తరగతుల వాళ్ళకు, 40 మంది పిల్లలు, 45 నిమిషాల పీరియడ్ అనుకుని రాశాం.

కావలసినవి

ఒక నోటుబుక్కు (మీది, పిల్లలది కాదు), ఎ4 కాగితాన్ని నాలుగు ముక్కలు చేసిన చీటీలు 40, ఒక చార్టు, స్కెచ్ పెన్నులు, నంబర్లు వేసిన చిన్న ప్లాస్టిక్ సీసాలు ఎనిమిది పది. ప్రయోగాల సామాను ఆయా మెట్ల దగ్గర చెబుతాం. ల్యాబ్ లేకపోయినా నడుస్తుంది. వారం ముందుచూపు లేకపోతే మాత్రం నడవదు.

1. ముందు మీ లెక్క తీసుకోండి

పిల్లల సంస్కృతి గురించి మాట్లాడే ముందు మీరు రోజూ తరగతిలోకి ఎవరి ఇంటిని తీసుకొస్తున్నారో చూసుకోండి. గత ఐదు పాఠాల్లో మీరు చెప్పిన ఉదాహరణలన్నీ నోటుబుక్కులో రాయండి. ఫ్రిజ్, కారు బ్రేకు, మైక్రోవేవ్, విమానం, ఊళ్ళో పొలం, గుళ్ళో గంట, ఏవైతే అవి. ఒక్కోదాని పక్కన "ఇది తరగతిలో ఎంతమంది చేత్తో తాకి ఉంటారు?" అని అంచనా వేయండి. లెక్కల్లో వాడిన పేర్లు కూడా రాయండి. రాము, సీత, రవి దగ్గరే ఆగిపోతే, వెనక బెంచీలో కూర్చున్న మస్తాన్, మేరీ, రేష్మా సంవత్సరమంతా ఒక్క లెక్కలోనూ ఉండరన్నమాట.

తర్వాత రెండు రోజులు ఇంకో లెక్క: మీరు ప్రశ్న అడిగి పేరు పెట్టి లేపింది ఎవరిని? హాజరు పట్టీ జిరాక్సు మీద చుక్కలు పెట్టుకుంటే చాలు. చాలా తరగతుల్లో చుక్కలు ఎనిమిది పది పేర్ల దగ్గరే గుమిగూడతాయి.

పిలుపు సంగతి కూడా ఇక్కడే తేల్చుకోవాలి. "ఒరేయ్ సింగ్‌నగర్", "ఏం సాయిబూ", "కొండమీద పిల్లా" అని ముద్దుగానే అన్నా పిల్లవాడికి అది ముద్రే. పేరు పెట్టి పిలవండి. ఉర్దూ పేరో, ఉత్తరాది పేరో నోరు తిరగకపోతే ఆ పిల్లనే రెండుసార్లు పలకమని అడిగి తెలుగులో రాసుకోండి.

మీరు కూడా సమాజం కిందికి నెట్టిన కులం నుంచో, చిన్న పనులు చేసే కుటుంబం నుంచో వచ్చి ఉంటే, ఆ సంగతి తరగతిలో చెప్పాలా వద్దా అన్నది పూర్తిగా మీ ఇష్టం. "సార్ మీరే మంచి ఉదాహరణ" అంటూ తోటివాళ్ళు మిమ్మల్ని ముందుకు తోస్తే తలొగ్గనక్కర్లేదు.

2. చీటీలతో తెలుసుకోండి, నోటితో కాదు

ఇక్కడే ఎక్కువమంది తప్పు చేస్తారు. "మీ నాన్న ఏం పని చేస్తాడు?" అని వరసగా లేపి అడగడం మనకి మామూలు ప్రశ్నలా ఉంటుంది. మన దగ్గర అది కులం అడగడమే. ఇంటి పేరు, సొంతిల్లా అద్దిల్లా, నిన్న ఏం కూర తిన్నావు అన్నవి కూడా అదే దారికి వెళ్తాయి. ఇవేవీ అడగొద్దు.

పేరు రాయని చీటీ మీద ఈ మూడూ అడగండి:

ఇంట్లోగానీ వీధిలోగానీ నీకు చేయడం వచ్చిన పని ఏది?
ఎవరు నేర్పారు?
అందులో దేన్ని, ఎలా కొలుస్తారు? చేత్తోనా, కంటితోనా, గ్లాసుతోనా, టైముతోనా?

మూడో ప్రశ్నే అసలు ప్రశ్న. "ఇడ్లీ పిండి పొంగిందో లేదో గిన్నె మీద గీత చూసి చెబుతా", "టైరులో గాలి బొటనవేలితో నొక్కి చూస్తా", "కుళాయి కింద బిందె నిండే చప్పుడుని బట్టి ఆపేస్తా" లాంటి జవాబులు వస్తాయి. వీటిలో ఒక్కోటీ ఒక పాఠం.

చీటీలు కలిపేసి మీరే ఇంటికెళ్ళి చదవండి. చేతిరాత గుర్తుపట్టి "ఇది నీదే కదా" అన్నారో, ఆ రోజుతో నమ్మకం పోయింది.

బుడమేరు వాగు వరద విషయంలో ఒక హెచ్చరిక. 2024 సెప్టెంబరు మొదట్లో సింగ్‌నగర్ వైపు ఇళ్ళు మునిగిన పిల్లలు మీ తరగతిలో ఉండొచ్చు. గోడ మీద బురద గీత నీటిమట్టం పాఠానికి గొప్ప సాక్ష్యమే. కానీ దాన్ని మీరు ఎత్తుకోవద్దు. పిల్లలే తెస్తే తీసుకోండి.

3. ఒక్క పాఠమే ఎంచుకోండి

నెలకు ఒకటి చాలు. సిలబస్ భయం ఉన్నవాళ్ళు కొత్త పీరియడ్ వెతకొద్దు. పుస్తకంలో ఎలాగూ ఉన్న ప్రయోగం స్థానంలో ఇంటి సామానుతో అదే ప్రయోగం చేయించండి. ఆమ్లాలు, క్షారాలు, పీడనం, ద్రావణాలు, సాంద్రత, సూక్ష్మజీవులు బాగా కుదురుతాయి. పరమాణు నిర్మాణం, ఆవర్తన పట్టిక లాంటివి బలవంతంగా కుదర్చకండి. అక్కడ పోలిక సాగదీస్తే పాఠం పాడవుతుంది.

4. మాటల పట్టిక కట్టండి

ఇంగ్లీషు మీడియం వచ్చాక పిల్లల నోట్లో మాట ఒకటి, పుస్తకంలో ఇంకోటి. పాఠానికి ముందు చార్టు మీద నాలుగు వరసలు గీయండి: ఇంట్లో అనే మాట, పుస్తకం తెలుగు మాట, ఇంగ్లీషు మాట, ఇంకో భాషలో మాట. నాలుగో వరస ఉర్దూ, హిందీ, ఒడియా, లంబాడీ మాట్లాడే పిల్లలది. పసుపు పక్కన హల్దీ, సున్నం పక్కన చూనా వాళ్ళ చేతే రాయించండి. అదీ వాళ్ళు ఇష్టపడితేనే.

ఎక్కువ తికమక పెట్టే మాటలు ఇవి:

కణం. జీవశాస్త్రం టీచరు కణం అంటే సెల్. మరుసటి పీరియడ్‌లో ఫిజిక్స్ టీచరు కణం అంటే పార్టికల్. ఇసుక రేణువులో కేంద్రకం ఉంటుందా అని పిల్లవాడు అడిగితే నవ్వకండి, తప్పు వాడిది కాదు.

పవర్. పవర్ కట్, కళ్ళద్దాల పవర్, ఫిజిక్స్‌లో సామర్థ్యం. మూడూ వేరు.

సోడా. వంట సోడా, బట్టల సోడా క్షారాలు. గోలీ సోడా ఆమ్లం.

పని. రాత్రంతా కదలకుండా గేటు దగ్గర నిలబడ్డ వాచ్‌మన్ "పని చేయలేదు" అని పుస్తకం నిర్వచనం చెబితే, వాచ్‌మన్ కొడుక్కి అది అవమానంలా వినబడుతుంది. "ఫిజిక్స్ ఈ మాటను అరువు తెచ్చుకుని ఇరుకు చేసింది, మీ ఇంటి మాట తప్పు కాదు" అని ముందే చెప్పండి.

వేడి. "ఒంటికి వేడి చేసింది" అన్నప్పుడు థర్మామీటరు పెడితే 98.4 దగ్గరే ఉంటుంది. ఇంటి మాటలో వేడి ఒక లక్షణం, పుస్తకంలో ఉష్ణం వేరు. రెండింటినీ పక్కపక్కన రాయండి, ఒకదాన్ని కొట్టేయకండి.

5. పాఠం నడపండి: పారాణి, కూర మరక, సున్నం

దీన్ని వివరంగా చెబుతాం. మిగతావాటికి ఇదే అచ్చు.

సామాను, ఎనిమిది గుంపులకు: పసుపు పొడి 2 టీస్పూన్లు, స్పిరిట్ 50 మి.లీ., వడపోత కాగితాలు ఆరు, తాంబూలం సున్నం శనగగింజంత, నిమ్మకాయలు రెండు, చింతపండు పులుసు, మజ్జిగ, బట్టల సోడా, ఒంటి సబ్బు నీళ్ళు, కుంకుడుకాయ రసం, షాంపూ, మందార పూలు ఐదారు, ఇంకు ఫిల్లర్లు. పసుపు కోసం దుగ్గిరాల వైపు నుంచి వచ్చే కొమ్ములు దంచి వాడితే మేలు. రంగు కలిపిన విడి పసుపుతో ఫలితం తికమకగా వస్తుంది.

ముందు రోజు: పసుపును స్పిరిట్‌లో కలిపి పది నిమిషాలు తేరనివ్వండి. పసుపులోని రంగు నీళ్ళలో సరిగా కరగదు, స్పిరిట్‌లో కరుగుతుంది. పైన తేరిన స్పిరిట్‌లో కాగితాలు ముంచి నీడలో ఆరబెట్టండి. ఎండలో పెడితే రంగు వెలిసిపోతుంది. ఆరాక వేలెడు పొడవు ముక్కలుగా కోయండి. స్పిరిట్ దగ్గర మంట ఉండకూడదు. ఇది టీచరు పని, పిల్లలది కాదు. స్పిరిట్ లేకపోతే పసుపును నీళ్ళతో ముద్దగా కలిపి పూసినా సరే, రంగు కాస్త మచ్చలు మచ్చలుగా వస్తుంది.

సున్నం విషయంలో గట్టి హెచ్చరిక. తాంబూలం సున్నం ప్యాకెట్టు పిల్లల చేతికి ఇవ్వకండి. నొక్కితే చిట్లి కంట్లో పడుతుంది, చూపు పోయేంత ప్రమాదం. మీరే 100 మి.లీ. నీళ్ళలో కలిపి అరగంట తేరనిచ్చి, పైన తేరిన నీళ్ళు మాత్రమే సీసాలో పోయండి. పొరపాటున కంట్లో పడితే ధారగా పారే నీళ్ళతో కనీసం 20 నిమిషాలు కడిగి, ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్ళండి. రాతి సున్నం తెచ్చి తరగతిలో ఉడికించే సరదా అసలే వద్దు.

మొదలు ఎక్కడ? చాలామంది "పెళ్ళిలో పారాణి ఎలా చేస్తారు?" అనో, "గుమ్మం దగ్గర దిష్టి తీసే ఎర్రనీళ్ళు ఏంటి?" అనో మొదలెడతారు. పసుపు, సున్నం కలిస్తే ఎరుపు, మంచి ఉదాహరణే. కానీ అది కొన్ని ఇళ్ళదే. తరగతిలో సగం మంది ముస్లిం, క్రైస్తవ పిల్లలుంటే మొదటి నిమిషంలోనే వాళ్ళు ప్రేక్షకులైపోతారు. అందరి ఇంటి తలుపూ తెరిచే ప్రశ్న ఇది: తెల్ల చొక్కా మీద పప్పో బిర్యానీయో ఒలికింది. సబ్బు రుద్దగానే మరక ఏ రంగుకి మారింది? చేతులు వరసగా లేస్తాయి. పారాణి, ఎర్రనీళ్ళు తర్వాత పిల్లల నోటి నుంచి అవే వస్తాయి.

పీరియడ్ ఇలా పంచుకోండి. మొదటి 8 నిమిషాలు ఊహ: ఏ సీసా కాగితాన్ని ఎర్రబరుస్తుంది, ఏది మార్చదు, నోటుబుక్కులో ముందే రాయాలి. తర్వాత 15 నిమిషాలు పరీక్ష: ఒక్కో కాగితం మీద ఒక్క చుక్క. మరో 12 నిమిషాలు వాదన. చివరి 10 నిమిషాలు రాత.

ఫలితాలు: బట్టల సోడా, సబ్బు, సున్నపు తేట ఎరుపుకి తిప్పుతాయి. నిమ్మ, చింతపండు, మజ్జిగ పసుపునే ఉంచుతాయి. అసలు వాదన లేచేది కుంకుడు రసం దగ్గర. నురుగు వస్తుంది కాబట్టి సబ్బులాంటిదే, ఎర్రబడుతుందని ముప్పై మంది రాసుంటారు. ఎర్రబడదు. నురుగు వేరు, క్షారం వేరు అన్న మాట అప్పుడు మీరు చెప్పనక్కర్లేదు. వారం వారం కుంకుళ్ళతో తల రుద్దుకునే పిల్లే "కళ్ళు మండుతాయి కదా సార్, మరి?" అని అడ్డం తిరుగుతుంది. మంట ఉంటే క్షారమేనా అన్నది మంచి ప్రశ్న. నిమ్మరసం కంట్లో పడినా మండుతుంది కదా అన్న జవాబు పిల్లల్లోంచే రానివ్వండి.

ఎర్రబడ్డ కాగితం మీద నిమ్మరసం చుక్క వేయించండి. మళ్ళీ పసుపవుతుంది. ఇది వదిలేస్తే పాఠం సగమే. రంగు శాశ్వతంగా మారలేదనీ, అందుకే దాన్ని సూచిక అంటామనీ తేలేది ఇక్కడే.

తేడా కొట్టే చోట్లు: తెల్ల చార్టు కాగితం వాడితే ఏమీ వేయకుండానే కాస్త నారింజ రంగు వస్తుంది. చాలా కాగితాల్లో సుద్ద లాంటి పదార్థం కలుపుతారు, అది క్షారం. వంట సోడాకి రంగు సగం సగం మారుతుంది, ఎందుకంటే అది బలహీన క్షారం, పసుపు అప్పుడే మారడం మొదలెడుతుంది. అన్ని సీసాల్లో ఒకే ఫిల్లరు ముంచితే అన్నీ ఎర్రబడతాయి. ముఖ్యమైనది ఇంకోటి: పసుపు కాగితం మారలేదంటే ఆమ్లం అని అర్థం కాదు. ఉత్త నీళ్ళకీ మారదు. అందుకే మందార రేకుల వేడినీటి రసం పక్కన పెట్టుకోవాలి. అది ఆమ్లంలో ముదురు గులాబీ, క్షారంలో ఆకుపచ్చ అవుతుంది.

వాదన చివర్లో ఒక మాట జారకుండా చూసుకోండి: "మన పెద్దవాళ్ళకి కెమిస్ట్రీ ఎప్పుడో తెలుసు." పారాణి కలిపే అమ్మమ్మకి ఎంత పసుపుకి ఎంత సున్నమో తెలుసు, ఎందుకో తెలియదు. ఎలా చేయాలో తెలియడం పెద్ద విద్యే. దానికి లేని కిరీటం పెట్టక్కర్లేదు. చాకిరేవులో బట్టలకు వాడిన చవుడు మట్టి, తోళ్ళు శుద్ధి చేయడానికి వాడిన తంగేడు చెక్క కూడా ఇదే వరసలోవి. పాఠంలో వాటిని గౌరవంగా చెప్పండి. చెప్పేటప్పుడు మీ కళ్ళు ఏ ఒక్క పిల్లవాడి వైపూ తిరగకూడదు.

6. ఇంకో మూడు పాఠాలు, క్లుప్తంగా

కొండ మీద కుళాయి (పీడనం). వన్‌టౌన్, గుణదల, మొగల్రాజపురం కొండల మీద ఇళ్ళున్న పిల్లలకు కింది కుళాయి జోరు, పై కుళాయి సన్నధార ఒంటితో తెలుసు. 15 లీటర్ల బకెట్ నిండడానికి ఎన్ని సెకన్లో వీధి కుళాయిల దగ్గర కొలుచుకు రమ్మనండి. ఇంటి కుళాయి అడగొద్దు, అందరికీ ఉండదు. పది మీటర్ల ఎత్తుకి సుమారు 98 కిలోపాస్కల్స్ పీడనం పోతుంది, ప్లంబరు భాషలో దాదాపు ఒక కేజీ. ఇదే పాఠంలో బాటిల్‌కి మూడు చిల్లుల ప్రయోగం చేయిస్తారు కదా, అందులో పాత పొరపాటు ఒకటుంది. బాటిల్ బల్ల మధ్యలో ఉంటే అడుగు చిల్లు ధార అన్నిటికన్నా దూరం పోదు. నీళ్ళు 20 సెం.మీ. ఎత్తున ఉండి, చిల్లులు 5, 10, 15 సెం.మీ. ఎత్తుల్లో ఉంటే, మధ్య చిల్లు ధారే దూరం పడుతుంది. అడుగు ధారకి పడేలోపు సమయం చాలదు. పుస్తకం బొమ్మలో చూపినట్టు అడుగు ధారే దూరం పోవాలంటే బాటిల్‌ని బల్ల అంచున పెట్టి నీళ్ళు నేల మీద పడనివ్వండి. మూత తీయడం మరిచిపోకండి. మూడు చిల్లులకూ ఒకే టేపు అంటించి ఒక్కసారే లాగండి.

మిర్చి (ద్రావణాలు). గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల పిల్లలకు తేజా రకానికీ బ్యాడిగీ రకానికీ తేడా మనకన్నా బాగా తెలుసు. "ఎర్రగా ఉంటే కారం ఎక్కువ" అన్నది నిజమా అని అడగండి. బ్యాడిగీ ముదురెరుపు, కారం తక్కువ అని వాళ్ళే చెబుతారు. రంగు ఒక పదార్థం, కారం ఇంకో పదార్థం. పావు టీస్పూను కారం ఒక సీసాలో 20 మి.లీ. నీళ్ళలో, ఇంకో సీసాలో 20 మి.లీ. నూనెలో వేసి మూత బిగించి కుదిపి, పది నిమిషాలు తేరనివ్వండి. నూనె ఎర్రబడుతుంది, నీళ్ళు పాలిపోయే ఉంటాయి. కారాన్నిచ్చే కాప్సైసిన్ కూడా నూనె వైపే. మంచినీళ్ళు తాగితే మంట తగ్గకపోవడానికీ, పాలో పెరుగో తీసుకుంటే తగ్గడానికీ కారణం అక్కడుంది. ఫ్యాన్ ఆపండి, సీసాలు మీరే నింపండి, రుచి చూడనివ్వకండి, చేతులు సబ్బుతో కడిగించండి.

బ్యాటరీ (సాంద్రత). ఆటోనగర్‌లో పనిచేసే తండ్రినో మావయ్యనో 15 నిమిషాలు పిలవొచ్చు. హైడ్రోమీటరు బుడ్డి 1.28 దగ్గర తేలితే బ్యాటరీ నిండుగా ఉంది, 1.15 కిందికి మునిగితే అయిపోయింది. ఆసిడ్ ఆయన చేతిలోనే ఉండాలి, పిల్లలు రెండు మీటర్ల దూరంలో. పిలిచేముందు ఆ పిల్లవాడిని ఒంటరిగా అడగండి. వాడికి ఇష్టం లేకపోతే ఆ తండ్రిని వదిలి వేరే మెకానిక్‌ని చూసుకోండి. వచ్చినాయన్ని "గారు" అనండి, కుర్చీ వేయండి, అడగబోయే ప్రశ్నలు ముందు రోజే చెప్పండి. ఆయన్ని నిలబెట్టి మీరు కూర్చుంటే, ఆ రోజు పిల్లలు సాంద్రత మరిచిపోయినా అది మరిచిపోరు.

7. నమ్మకాలు ఎదురైతే

గ్రహణం రోజు వండిన అన్నం పాడవుతుంది, దర్భ వేస్తే పాడవదు. గర్భిణి గ్రహణం చూస్తే బిడ్డకి మొర్రి వస్తుంది. ఇవి తప్పకుండా వస్తాయి. రాజ్యాంగం 51ఎ(హెచ్) శాస్త్రీయ దృక్పథాన్ని పౌరుల బాధ్యత అంటోంది, నిజమే. కానీ "మీ ఇంట్లో ఇంకా ఇవి నమ్ముతారా?" అని అడగడం శాస్త్రీయ దృక్పథం కాదు. పిల్లవాడిని వాళ్ళ అమ్మకి ఎదురు నిలబెట్టడం.

మనిషిని వదిలి మాటను పట్టుకోండి. బోర్డు మీద రాయండి: "ఏం చూస్తే ఇది నిజమో కాదో తేలుతుంది?" అన్నం సంగతి తేల్చడం తేలిక. మొత్తం నాలుగు గిన్నెల అన్నం: రెండు గ్రహణం రాత్రి, ఒకే కుండలోంచి, దర్భతో ఒకటి, లేకుండా ఒకటి. మరో రెండు మామూలు రాత్రి అదే రకంగా, కొత్తగా వండి. పొద్దున్నే వాసన, జిగురు చూసి రాయాలి, తినకూడదు. మామూలు రాత్రి గిన్నెలు లేకుండా చేస్తే ఆ ప్రయోగానికి విలువ లేదు. ఎక్కువమంది వదిలేసేది ఆ రెండింటినే.

మొర్రి సంగతి తరగతిలో పరీక్షకు పెట్టేది కాదు. ఆ పిల్లలు, వాళ్ళ తోబుట్టువులు అక్కడే ఉండొచ్చు. మొదటి మూడు నెలల్లో పిండం పై పెదవి భాగాలు కలవకపోవడం వల్ల వస్తుందని, తల్లి గ్రహణం చూడకపోయినా అలా పుడతారని, ఆపరేషన్‌తో సరిచేస్తారని సూటిగా చెప్పి ముందుకు వెళ్ళండి. నెలసరి పాఠమూ అంతే. "మీ ఇంట్లో ఎక్కడ కూర్చోబెడతారు" అన్న ప్రశ్న వద్దు. శరీరంలో ఏం జరుగుతుందో పూర్తిగా, సిగ్గుపడకుండా చెప్పండి. అబ్బాయిల్ని బయటికి పంపకండి.

8. వారానికోసారి ఐదుగురితో కూర్చోండి

ఫిలడెల్ఫియా, న్యూయార్క్ నగర బడుల్లో కెన్నెత్ టోబిన్, ఆయన సహచరులు సైన్స్ తరగతుల కోసం పెంచిన పద్ధతి ఇది, కోజనరేటివ్ డైలాగ్ అంటారు. పేరు పెద్దది, పని చిన్నది. మధ్యాహ్న భోజనం తర్వాత 20 నిమిషాలు, నలుగురైదుగురు పిల్లలు, టీచరు. ఒకే ప్రశ్న: "ఈ వారం పాఠంలో ఎక్కడ అర్థం కాలేదు, ఎక్కడ మాట్లాడాలనిపించి ఆగిపోయావు?" చివర్లో ఒక చిన్న మార్పు ఒప్పుకోవాలి, మరుసటి పీరియడ్‌లో అది చేసి చూపాలి.

మన బడుల్లో ఇది చెడేది రెండు చోట్ల. క్లాస్ లీడర్లనే కూర్చోబెడితే పొగడ్తలు, పితూరీలు వస్తాయి. ముందు బెంచీ నుంచి ఒకరు, వెనక నుంచి ఇద్దరు, ఎప్పుడూ నోరు తెరవని ఒకరు, కొత్తగా చేరిన ఒకరు ఉండేలా చూడండి, వారం వారం మార్చండి. రెండోది, మొదటి రెండు వారాలు ఎవరూ ఏమీ అనరు. "అన్నీ బాగున్నాయి సార్" అంటారు. మీరు మొదలెట్టండి: "నేను కణం అన్నప్పుడు రెండు అర్థాల్లో వాడాను, తికమకపడ్డారా?" టీచరు తన తప్పు ఒకటి బల్ల మీద పెట్టాకే పిల్లల నోరు పెగులుతుంది. "నువ్వు చెప్పావు కదా" అని తరగతిలో వాళ్ళ మాటను ఎత్తకండి.

9. పనిచేసిందో లేదో చూసుకోవడం

"పిల్లలు బాగా ఎంజాయ్ చేశారు" అన్నది కొలత కాదు. మూడు చూడండి.

ఒకటి, మొదటి మెట్టులోని హాజరు పట్టీ లెక్క మళ్ళీ తీయండి. ఎన్ని వేర్వేరు పేర్లకు చుక్కలు పడ్డాయి? పన్నెండు నుంచి ఇరవైకి పెరిగితే మార్పు ఉన్నట్టు.

రెండు, పాఠం అయిన మూడు వారాలకి, చెప్పకుండా, ఐదు నిమిషాల స్లిప్ టెస్ట్. పాఠంలో చేయని సందర్భం ఇవ్వాలి: "చొక్కా మీద పసుపు మరక సబ్బుతో ఎర్రబడింది. బాగా జాడించి ఆరేస్తే మళ్ళీ పసుపుగా కనిపించింది. ఎందుకు? నిమ్మరసం వేస్తే ఏమవుతుంది?" సబ్బు పోయింది కాబట్టి క్షారం పోయింది అన్న మాట ఏ భాషలో రాసినా మార్కు ఇవ్వండి. మాటల పట్టికలోని ఇంగ్లీషు పదం వాడితే ఇంకో అర మార్కు. "మాయమైంది", "ఉతికారు కాబట్టి" అని సగం మంది రాస్తే, పీరియడ్‌లో నిమ్మరసం చుక్క దగ్గర తొందరపడ్డారని అర్థం. అక్కడ పది నిమిషాలు మళ్ళీ చేయించండి.

మూడు, ఇంటి నుంచి అడక్కుండా వచ్చిన ప్రశ్నలు. నోటుబుక్కు చివరి పేజీలో తేదీతో రాస్తూ ఉండండి. "సార్, మా అమ్మ ఇత్తడి బిందె చింతపండుతోనే ఎందుకు తోముతుంది, నిమ్మతో రాదా?" అని ఒకరు అడిగితే జవాబు చెప్పేయకండి. మర్నాడు రెండు పాత ఇత్తడి గ్లాసులు, చింతపండు, నిమ్మ చెక్క, గడియారం తెచ్చుకోండి.

60 మంది ఉన్న ప్రైవేటు బడిలో, ల్యాబు తాళం ఎవరి దగ్గరుందో తెలియని చోట కూడా ఐదో మెట్టు చేయొచ్చు. గుంపులు కాకుండా బల్ల మీద మీరే చేసి, ప్రతి వరసకీ ఒక కాగితం ముక్క తిప్పండి. ఊహ రాయించడం మాత్రం మానొద్దు. స్టడీ అవర్‌లో చేస్తుంటే ముందు రోజు ప్రిన్సిపాల్‌కి పాఠం పేరు, పుస్తకంలో పేజీ నంబరు రాసిన చీటీ ఇవ్వండి. సామాను చూసి "ఇదేం వంటకం" అని అడిగే అవకాశం ఉంది.